సగం షట్టరు కింద కాళ్లు

ఉద్యమాలు చేసి జైలుకెళ్లిన వాళ్లున్నారు, ఉద్యోగాలు పోగొట్టుకున్న వాళ్లున్నారు. గల్ఫులో మంచం మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద ఫోను పెట్టుకుని, ఒక్క బొటనవేలితో సొంత కొంప కూల్చుకున్న వాణ్ణి మాత్రం నన్నొక్కణ్ణే చూస్తారు మీరు. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను గెలిచే ఘట్టమంటూ లేదు. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఆవిడ ఎప్పుడైనా నవ్వుతుందేమోనని ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఇప్పటిదాకా అయితే నవ్వలేదు.

రాష్ట్రాన్ని రెండు ముక్కలు చేస్తామని ఢిల్లీలో అనేసిన ఏడాది అది. నేను మస్కట్‌లో ఒక సూపర్ మార్కెట్లో లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను. మాది శ్రీకూర్మం, తాతల నాటి నుంచీ కిరాణా వ్యాపారం. నాది మేనరికం. మా అమ్మ తమ్ముడు ఆదినారాయణ మావకి పాతపట్నం బజారు వీధిలో కొట్టుంది, ఆయన కూతురు సుజాతే నా భార్య. తొలి పురుడు పుట్టింట్లో కాబట్టి అప్పుడు పాతపట్నంలోనే ఉంది, తొమ్మిదో నెల. మస్కట్‌లో నాతో పాటు గదిలో ఉండేవాడు రమణ. కొత్తవలస దగ్గర రైతుబిడ్డ, మా గోడౌన్లో సామాన్లు దింపించే సూపర్‌వైజరు.

అసలు నేను ఉద్యమంలోకి ఎలా దిగానంటే, కాలు జారి దిగాను. ఒక సాయంత్రం పూరీలు తింటూ, మన జిల్లాలంటే అందరికీ అలుసేనని ఫేస్‌బుక్కులో నాలుగు ముక్కలు రాసి పడుకున్నాను. పొద్దున లేచేసరికి దాన్ని ఎక్కడెక్కడి వాళ్లో పంచేసుకున్నారు. ఆస్ట్రేలియా నుంచి ఒకాయన, "తమ్ముడూ, నువ్వుండాల్సింది అక్కడ కాదు, అసెంబ్లీలో" అని రాశాడు. అంతవరకూ నా జీవితంలో నన్ను ఎవరూ ఎక్కడా ఉండమనలేదు. మా మేనేజరైతే కుర్చీలో కూడా సరిగ్గా ఉండమనడు. ఆ ఒక్క మాటకి నేనెంత ఉబ్బిపోయానంటే, ఆ రోజు లెక్కలన్నీ తప్పు రాశాను.

కంపెనీలో రాజకీయాలు మాట్లాడితే విమానం ఎక్కించేస్తారు. అందుకని పేరు మార్చుకున్నాను. తూర్పు పిడుగు. బొమ్మ స్థానంలో పిడికిలి. ఆ పిడికిలి రమణది. నాది మరీ మెత్తగా, అప్పడాల పిండిలా కనిపించిందని వాడి చేత బిగింపించి ఫోటో తీశాను. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. రాష్ట్రం ముక్కలు కాకుండా ఆగిపోయాక, పాతపట్నంలో దండలు వేసేటప్పుడు, "ఆ పిడుగు మీ అల్లుడేనండీ" అని ఎవరో చెబితే మావ మొహం ఎలా వెలుగుతుందో చూడాలని నా ఆశ. అది మటుకు చూశాను లెండి. వెలుగు సంగతే వేరు.

ఇంక చూడండి నా జోరు. రోజుకో పిలుపు. ఒకరోజు రోడ్ల మీద వంటలు వండమన్నాను, ఒకరోజు చేతులు పట్టుకుని వరసగా నిలబడమన్నాను, ఒకరోజు గాడిదకి వినతిపత్రం ఇమ్మన్నాను. రిలే నిరాహారదీక్షకి పిలుపు రాసింది పూరీలూ బంగాళాదుంప కూరా ముందు పెట్టుకునే. అక్కడి జనం నిజంగానే మండిపోయి ఉన్నారు, వాళ్ల బాధ వాళ్లది, నేను పిలవకపోయినా రోడ్డెక్కేవాళ్లే. కానీ నేను పడుకునేటప్పుడు పిలుపిచ్చి, లేచేసరికి ఊళ్లు మూతపడి ఉంటే, మూసింది నేనేనని నాకో నమ్మకం. సూర్యుణ్ణి నేనే లేపుతున్నానని కోడికుండే నమ్మకం లాంటిది.

కరెంటు ఉద్యోగులు సమ్మెకి దిగినప్పుడైతే నన్ను పట్టేవాళ్లు లేరు. జిల్లాలు చీకట్లో ఉంటే, నేను ఏసీ గదిలో దుప్పటి కప్పుకుని, ఈ చీకటే మన ఆయుధమని రాశాను. మర్నాడు సుజాత ఫోన్ చేసింది. గొంతులో ప్రాణం లేదు.

"బావా, ఎవడో తూర్పు పిడుగట. కరెంటు తీసీడం మంచిదేనని రాసీనాడట. ఆడి పెళ్లాం తొమ్మిదో నెల్లో ఈ ఉక్కలో, ఈ దోమల్లో దొర్లితే తెలుస్తాది ఎదవకి."

"ఔను, ఎదవే" అన్నాను.

ఆ నెలంతా నేను పలికిన నిజం అదొక్కటే. వాళ్ల నాన్న పక్కన కూర్చుని తాటాకు విసనకర్రతో విసురుతూనే ఉన్నాడనీ, చెయ్యి నొప్పెడితే చెయ్యి మార్చుకుంటున్నాడనీ చెప్పింది. ఫోన్లో ఛార్జింగు అయిపోవస్తోంది, మళ్లీ ఎప్పుడు చేస్తానో తెలీదు, నువ్వు భయపడకు అని నాకే ధైర్యం చెప్పి పెట్టేసింది. నేను రెండు నిమిషాలు బాధపడ్డాను. తరవాత లైకులు చూసుకున్నాను.

ఇప్పుడు సగం షట్టరు గురించి చెప్పాలి. మా వైపు బందంటే కొట్లు మూసేస్తారు, నిజమే. కానీ జనం తినాలి కదా. కాబట్టి కొట్టువాడు షట్టరు మోకాళ్ల దాకా దింపి లోపల నిలబడతాడు. కొనేవాడు బయట నిలబడి, వంగి, కావలసింది గొణుగుతాడు. కింద నుంచి పొట్లం వస్తుంది. ఉద్యమం వాళ్లు అటు వస్తే షట్టరు నేలకి దిగుతుంది, దాటిపోతే మోకాళ్లకి లేస్తుంది. అందులో ఎవరి మర్యాద వాళ్లకి దక్కుతుంది. ఉద్యమం వాళ్ల ఇళ్లకి పప్పూ నూనే కూడా ఆ సందులోంచే వెళ్తాయి. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. కిరాణా కొట్లో పుట్టి పెరిగినవాణ్ణి, నాకు తెలీదంటే నమ్ముతారా? తెలుసు. కానీ పిడుగుకి తెలీదు.

సగం షట్టరు ద్రోహులని కొత్త పిలుపు ఇచ్చాను. ఎక్కడ షట్టరు కింద కాళ్లు కనిపించినా ఫోటో తీసి పంపమన్నాను. అందరికీ చూపిద్దాం, సిగ్గుతో చస్తారు అన్నాను. పోస్టరు తయారు చేస్తూ రమణ అడిగాడు.

"మందుల కొట్టుకి ఇడిసీమందామా?"

"ఇడిసీమందాం."

"మరి సావు సరుక్కో?"

ఇక్కడ ఆగండి. ఇది నన్ను చెప్పుతో కొట్టాల్సిన చోటు. మా వర్తకుల్లో ఒక పద్ధతుంది. చావింటి నుంచి మనిషొస్తే, బందైనా పండగైనా కొట్టు తెరవాల్సిందే. నువ్వులు, పేలాలు, కర్పూరం అడిగినంత ఇచ్చేయాలి. బేరమాడకూడదు, మూసేశామనకూడదు. ఇచ్చి పంపేటప్పుడు మళ్లీ రండి అనకూడదు. నాకు నడక వచ్చినప్పటి నుంచీ చూస్తున్న పద్ధతి. ఆ రైతు బిడ్డ గుర్తు పెట్టుకుని అడిగాడు. కోమటి బిడ్డనైన నేనేమన్నానంటే, "ప్రతి ద్రోహీ సావు పేరు సెప్పే తెరుస్తాడు. ఎవరికీ మినహాయింపు లేదని రాసీ."

రాసేశాడు.

శుక్రవారం మాకు సెలవు. మధ్యాహ్నం తిని పడుకుంటే ఫోటో వచ్చింది. పంపినవాడు సింహం శీను. అసలు పేరు శీనే, సింహం వాడు తగిలించుకున్నాడు. పాతపట్నం కుర్రాడు, నాకు కుడిభుజం. ఉద్యమం మొత్తంలో నా మొహం చూసింది వాడొక్కడే. ఒకసారి వీడియో కాల్లో, సేనాపతిలా గంభీరంగా కనిపించాను. వెనకాల ఆరేసిన బనీన్లు కనిపించాయో లేదో నాకు తెలీదు.

ఫోటోలో సగం దింపిన షట్టరు. దాని కింద లోపలివైపు ఒక జత కాళ్లు. ముసలి కాళ్లు. పసుపంటిన పంచె అంచు, మడమలు బీటలు వారి ఉన్నాయి, ఒక బొటనవేలి గోరు చితికి నల్లబడింది. బయటివైపు ఇంకో జత కాళ్లు. చెప్పుల్లేవు, తడి పంచె లోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ తడి కాళ్లు చూసి చిన్నపిల్లాడైనా చెబుతాడు, స్నానం చేసి తడిబట్టతో కొట్టుకి వచ్చాడంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని. నేను తడి కాళ్లు చూడనేలేదు. నా కళ్లన్నీ లోపలి కాళ్ల మీదే. వాటి మీద ఏం జోకు వెయ్యాలా అని.

వేశాను. "ఈ ద్రోహి కాళ్లు గుర్తుపట్టండి. రాష్ట్రం కంటే ముందు ఈయన మడమలు విడిపోయాయి."

నా జీవితంలో నేను రాసిన వాటన్నిటిలో బాగా ఆడింది అదే. జనం విరగబడ్డారు. ఒకడు ఆ పగుళ్లలో వరి నాటొచ్చన్నాడు. ఇంకొకడు ఆ నల్లగోరుకి రాజధాని అని పేరు పెట్టాడు. నేను మంచం మీద దొర్లి దొర్లి నవ్వాను. రమణ మటుకు, పాపం ఎవరో పెద్దాయన, తీసీరా అన్నాడు. నేను తీయలేదు. ఈలోగా శీను, "మా బజారు వీధేనన్నా, ఏటి సెయ్యమంటావు?" అని అడిగాడు.

బజారు వీధి అనగానే నాకు మావ గుర్తు రాలేదా అని మీరడుగుతారు. వచ్చాడు. మావ భయస్తుడు, బందంటే షట్టరుకి రెండు తాళాలు వేసి ఇంట్లో కూర్చునే రకం, కాబట్టి ఈ కాళ్లు ఇంకెవరివో అనుకున్నాను. మావకి అసలు కాళ్లున్నాయని కూడా నేనెప్పుడూ ఆలోచించలేదు. "వెళ్లి గట్టిగా అడగండి" అని రాసి, టీ పెట్టుకోడానికి లేచాను.

వాళ్లు గట్టిగానే అడిగారు.

మళ్లీ ఫోటో వచ్చేసరికి టీ సగం తాగాను. అప్పట్లో మా గదిలో ఇంటర్నెట్టుది నత్తనడక, ఫోటో పైనుంచి కిందకి మెల్లిగా తెరుచుకునేది. రమణని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాను, నా విజయం వాడు కూడా చూడాలని. ముందు ఆకాశం వచ్చింది. తరవాత కొట్టు బోర్డు పై అంచు, దాని మీద తామరపువ్వు బొమ్మ. ఆ తామరపువ్వు ఎక్కడో చూశాననుకున్నాను. తరవాత జనం చేతులు. తరవాత బట్టతల. ఆ తరవాత మొహం వచ్చింది. మెడలో చెప్పుల దండ. ఇంకా కిందకి, రోడ్డు మీద పగిలిన నూనె డబ్బాలు, చీరేసిన బస్తాలు, ఆ నూనెలో కందిపప్పు, కందిపప్పులో ఆ కాళ్లు.

రమణే ముందు అన్నాడు.

"ఒరే సత్యం, ఈయన మీ మావ కాదేటి? నీ పెళ్లి ఫోటోలో పళ్లెం ముందు కూకోని నీ కాళ్లు కడుగుతాడు సూడు, ఆయనే."

మా గది గోడకి ఆ ఫోటో ఉంది. పీటల మీద నేను, పట్టుపంచెలో, పెద్ద మహారాజులా. నా కాళ్లు రెండూ పళ్లెంలో ఉన్నాయి. వంగి, రెండు చేతులతో వాటిని పట్టుకుని కడుగుతున్నది మావ. నాకు ముచ్చెమటలు పట్టాయి. ఏసీ పదిహేడులో ఉంది.

అప్పుడు మొదలైంది అసలు సర్కస్. ముందు ఆ పోస్టు తీసేశాను. తీసేసి ఏం లాభం, అప్పటికే దాన్ని ఊరూరా ఎత్తుకుపోయారు. సరే, ఇంకో పోస్టు పెట్టాను. ఆ పెద్దాయన మంచివాడు, ఏదో అవసరం ఉండి తెరిచి ఉంటాడు, వదిలేయండి అని. నా మనుషులే నా మీద పడ్డారు. ఎంతకి అమ్ముడుపోయావన్నారు. అన్నని ఎవరో కొనేశారన్నారు. ఆస్ట్రేలియా ఆయనైతే, నన్ను అసెంబ్లీలో ఉండమన్నాడే ఆయనే, "ప్రతి ద్రోహీ చావు పేరు చెప్పే తెరుస్తాడు" అన్న నా ముక్కనే నాకు తిప్పి పంపి, దీనికి సమాధానం చెప్పు అన్నాడు. నేను నడిపిన ఉద్యమం నుంచి నన్నే వెలివేశారు. పిడికిలి బొమ్మ మీద ఎవడో గాజులు గీశాడు. రమణ అది చూసుకుని చాలా బాధపడ్డాడు, చెయ్యి వాడిది కదా.

ఇంటికి ఫోన్ చేస్తే ఒక్క ఫోనూ మోగదు. ఛార్జింగు ఎక్కడిది? కరెంటు లేకపోవడమే ఆయుధమన్నాను కదా, ఆ ఆయుధం ఎవరికి తగిలిందో అప్పుడు తెలిసింది. ఆ రెండ్రోజులూ నేను తిండి తిన్నానో లేదో గుర్తులేదు. చివరికి ఆస్పత్రి నుంచి, పక్క మంచం వాళ్ల ఫోన్లో సుజాత మాట్లాడింది. ఆడపిల్ల పుట్టిందంది. ఇద్దరం బాగున్నాం అంది. తరవాత ఏడ్చింది.

వెనకవీధి అప్పన్న తల్లి పోతే తడిబట్టలతో వచ్చాడట. నువ్వులూ పేలాలూ ఇవ్వడానికి మావ తెరిచాడట. బందు మొదలైన దగ్గర్నుంచీ అదొక్కసారే తెరవడం. కుర్రాళ్లు వచ్చి పడితే, మా అమ్మ సచ్చిపోనాదిరా అని అప్పన్న కాళ్లావేళ్లా పడినా ఎవరూ వినలేదట. బస్తాలు పోయినందుకు మావ ఏమీ అనలేదు గానీ, శవం లేచే వేళకి పేలాలు అందలేదని అప్పట్నుంచీ అన్నం సరిగ్గా తినడం లేదట. ఆ గోలకే సుజాతకి నొప్పులొచ్చాయి.

"ఆ పిడుగుని నాన్న తిట్టడు కూడా తిట్టడు బావా. ఎవడో దూరాన ఉన్న గుంటడు, తెలీక రాసీసుంటాడు, ఇడిసీండి అంటాడు."

అప్పుడు చెప్పేయాల్సింది. పచ్చి బాలింత, ఇప్పుడొద్దనుకున్నాను. నేను పిరికిపంద అని రాయడం కంటే అలా రాస్తే బావుంటుందని అలా రాశాను, మీరు సరైనదే చదువుకోండి.

బారసాలకి సెలవు దొరికింది. కూతురి కోసం గొలుసు, మావ కోసం ఖరీదైన అత్తరు కొనుక్కుని దిగాను. కొట్టు మళ్లీ తెరిచాడు మావ, సగం అరలు ఖాళీగా. బజారు వీధినంతా భోజనాలకి పిలిచాడు. అంతా అంటే అంతా. చెప్పుల దండ వేసిన కుర్రాళ్లని కూడా. రేపు మళ్లీ వాళ్లే కదా కొట్టుకి వచ్చేది, పిలవకపోతే ఎలాగ అన్నాడట. పిలవడమే కాదు, వాళ్లకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, గారెలు అడిగి అడిగి వేయిస్తున్నాడు. వాళ్లు సిగ్గుతో తలలు ఎత్తట్లేదు.

నేను నెయ్యి వడ్డిస్తూ ఆ వరసలోకి వచ్చాను. శీను తలెత్తాడు. చూశాడు. నేను నెయ్యి గిన్నె మొహానికి అడ్డం పెట్టుకున్నాను, చిన్న గిన్నె అది, ఏం దాస్తుంది? ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు.

"పిడుగన్నా, నువ్వేటి ఇక్కడ?"

నేను ఔననీ కాదనీ అనేలోపే వాడు భుజం మీది తువ్వాలు తీసి నాకు శాలువాలా కప్పేశాడు. మన ఉద్యమాన్ని దుబాయి నుంచి నడిపించిన తూర్పు పిడుగు ఈయనేనని అందరికీ వినపడేలా చెప్పాడు. దుబాయి కాదు మస్కట్ అని సరిదిద్దబోయి ఊరుకున్నాను. ఒకరిద్దరు అలవాటు కొద్దీ చప్పట్లు కూడా కొట్టారు. నేను కలగన్న సన్మానం సరిగ్గా కలలో ఉన్నట్టే జరిగింది. అదే ఊరు, అదే మావ, కాకపోతే ఆకుల్లో పప్పు చల్లారిపోతోంది.

లోపల గుమ్మంలో సుజాత, చేతుల్లో పిల్ల. ఆమె మొహం నేను చూడలేకపోయాను. మావ వైపు తిరిగాను. ఆయనకి కోపం రాలేదు. వస్తే బతికిపోదును. మెల్లిగా అడిగాడు.

"సత్యం, ఆ కాళ్లు నావని నీకు తెల్లేదేటి?"

"నీ మీద ఒట్టు మావా, తెలీదు. తెలిస్తే పెడతానా?"

నాకదే గొప్ప సమాధానం అనిపించింది. నిర్దోషినని రుజువైపోయిందనుకున్నాను.

"తెలిసి పెట్టుంటే, ఏదో నా మీద కోపమనుకుందును" అన్నాడు మావ. అని, కుర్చీలోనే రెండు కాళ్లూ పైకి తీసుకుని, పంచె కిందకి ముడుచుకున్నాడు.

అదీ జరిగింది. రాష్ట్రం ఎలాగూ విడిపోయింది, నన్ను అడగలేదు. కొట్టు నిలదొక్కుకుంది. అప్పన్నతో మావ మాటలు బాగానే ఉన్నాయి, శీనుతో కూడా. నాతోనూ బాగానే మాట్లాడతాడు, సెలవుకి వెళ్తే కాఫీ తాగావా అంటాడు. కానీ నేను గదిలోకి అడుగుపెట్టగానే ఆ కాళ్లు పంచె కిందకి వెళ్లిపోతాయి. దండం పెడదామని వంగినా దొరకవు. అలవాటైపోయింది, ఆయనకే తెలీదేమో కూడా.

అందుచేత సకల జనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను. నా కాళ్లు ఏ ఊళ్లో ఉంటే నా నోరూ ఆ ఊళ్లోనే ఉంటుంది. ఈ మాట మొదట మా పాప నెత్తి మీద చెయ్యి పెట్టి అందామనుకున్నాను. సుజాత పిల్లని పక్కకి లాగేసుకుని, "దాని నెత్తి మీద కాదు, నీ నెత్తి మీద పెట్టుకో" అంది. పెట్టుకున్నాను.